నీ ఓటు కూడా వేసేశాను

"నీ ఓటు కూడా నేనే వేసేశాలే. నీకెక్కడ తీరుతుంది!"

ఆదివారం పొద్దున ఆరిన దుప్పటి మడత పెడుతున్నాను. పెద్ద దుప్పటి. ఒక్క మనిషే మడవాలంటే ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టుకోవాలి. రెండో అంచు పట్టుకోగల మనిషి సోఫాలో కాళ్ళు చాపుకుని, ఫోన్ లోంచి తలెత్తకుండా ఈ మాట అన్నారు. ఫ్యాన్ కట్టేశాను, తలుపు గడియ పెట్టేశాను అన్నంత తేలిగ్గా. నేను గడ్డం ఎత్తాను. దుప్పటి నేల మీద పడింది.

"ఏ ఓటండీ?"

"అదే, బస్సు డిపో స్థలానిది. ఇవాళ్టితో ఆఖరు కదా. మనింట్లో మూడూ అయిపోయాయి. నాది, నీది, అమ్మది."

"దేనికి వేశారు?"

"పార్కింగ్‌కే. ఇంకేముంది?"

ఊరి మధ్యలో పాత బస్సు డిపో ఖాళీ అయింది. ఆ స్థలంలో ఏం కట్టాలో జనాన్నే అడగాలని నగరపాలక సంస్థ నిర్ణయించింది. రెండు ప్రతిపాదనలు. ఒకటి, పొద్దున పిల్లల్నీ పెద్దవాళ్ళనీ వదిలిపెట్టి సాయంత్రం తీసుకువెళ్ళే సంరక్షణ కేంద్రం. రెండోది, కార్ల కోసం అంతస్తుల మీద అంతస్తులుగా పార్కింగ్. ఎవరి ఫోన్ నంబరుతో వాళ్ళు వెబ్‌సైట్‌లోకి వెళ్ళి ఓటు వేయాలి. ఎక్కువ ఓట్లు దేనికొస్తే అదే కడతామని తీర్మానం కూడా చేశారు. ఆ వెబ్‌సైట్ నడిపేది మా కంపెనీ. మా కంపెనీలో దాన్ని చూసుకునేది నేను.

అందుకే నాకు ముందు కోపం రాలేదు. ముందు అనుమానం వచ్చింది.

"ఓటు వేయాలంటే నా ఫోన్‌కి కోడ్ వస్తుంది. అది కొడితేగానీ ముందుకు పోదు. నా ఫోన్ నా దగ్గరే ఉంది. ఎలా వేశారు?"

ఆయనకి భలే సరదా పుట్టింది. "నీ సైటు సంగతి నీకే తెలీదా? రా, చూపిస్తా."

మావారు కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. ల్యాబ్‌లో ప్రయోగం చూపించినట్టే చూపించారు. నా నంబరు కొట్టారు. కోడ్ అడిగే పేజీ వచ్చింది. "కోడ్ అక్కర్లేదు. ఇదిగో, పైన అడ్రసు చివర రెండు అని ఉంది చూడు. దాన్ని మూడు చెయ్. అంతే, లోపలికి పోతాం." మా అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి వీడియో తీసి మగవాళ్ళ గ్రూపులో పెట్టాడట. ఇంట్లో ఎన్ని నంబర్లుంటే అన్నీ వేసేయండి, ఆడవాళ్ళని ఇబ్బంది పెట్టకండి అని కింద రాశాడట. ఆయన రెండుని మూడు చేశారు. తెర మీద వాక్యం వచ్చింది. "మీరు ఇప్పటికే ఓటు వేశారు. నగర నిర్ణయంలో పాల్గొన్నందుకు ధన్యవాదాలు." 

ఆ వాక్యం నేను రాసిందే.

"నన్నడగాలి కదండీ."

"అడిగితే మాత్రం ఏమంటావ్? కారు పెట్టుకోడానికి చోటు లేక రోజూ చస్తున్నాం కదా."

"చస్తున్నది మీరు. నేను వెళ్ళేది బస్సులో."

"అబ్బబ్బ, ఇంటికొకరు వేస్తే చాలదా? నీ మాటా నా మాటా వేరా ఏంటి?" అని ఆయన మళ్ళీ సోఫాలో కూర్చున్నారు. "కాస్త టీ పడేస్తావా?"

టీ పెట్టాను. పెట్టాను కాబట్టే రాస్తున్నాను. చేతులకి ఎంత అలవాటంటే, ఒళ్ళు మండిపోతున్నా అవి వాటి పని అవి చేసుకుపోతాయి. నీళ్ళు మరుగుతుంటే ఒక పాత మధ్యాహ్నం గుర్తొచ్చింది. పాప పుట్టి కొద్ది రోజులే అయింది. నేను మంచం మీద పాలిస్తూ నిద్ర ఆపుకుంటున్నాను. ఈయన గుమ్మంలో నిలబడి, "మీ ఆఫీసుకి మెయిల్ పెట్టేశాను, నువ్వు ఉద్యోగం మానేస్తున్నావని. నీ పాస్‌వర్డ్ నాకు తెలుసుగా. ఎలాగూ మానాల్సిందే, నీకా శ్రమ ఎందుకని," అన్నారు. శ్రమ! నా పేరుతో, నా సంతకంతో, "కుటుంబ కారణాల వల్ల" అని మూడు ముక్కలు రాసి నా ఉద్యోగం నా చేతుల్లోంచి తీసి బయట పెట్టారు. పాపని పగలు చూసుకునే చోటు ఊళ్ళో ఎక్కడా లేదు. అత్తయ్యకి అప్పటికే మోకాళ్ళ నొప్పులు. నేను మళ్ళీ పనిలోకి వచ్చేసరికి నా తోటివాళ్ళు మేనేజర్లయ్యారు. నాకు మిగిలింది ఎవరికీ అక్కర్లేని పాత సైట్లు. సంరక్షణ కేంద్రం అన్న రెండు మాటలు ఆ తెర మీద పెట్టినప్పుడు నా వేలు ఒక్క క్షణం ఆగింది. చివరి రోజున, ఆదివారం తీరిగ్గా కూర్చుని నా ఓటు వేసుకుందామని అట్టేపెట్టుకున్నాను. అట్టేపెట్టుకున్నది కాస్తా పోయింది.

మా ఆఫీసులో నా పని గురించి కూడా చెప్పాలి. సైటు వెనక నడిచేది పీహెచ్‌పీ. పాత కంప్యూటర్ భాష. మా వాళ్ళు దాన్ని 'అమ్మమ్మ' అంటారు. "అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదట, మేడమ్‌ని పిలవండి," అని జోకులు. ఆ అమ్మమ్మ పాత వెర్షన్‌కి ఇక రక్షణ సవరణలు రావని ప్రకటన వచ్చినప్పుడు, దొంగలు చొరబడే సందులు బయటపడుతున్నాయని వార్తలు వచ్చినప్పుడు, సెలవు రోజుల్లో కూర్చుని మొత్తం కొత్త వెర్షన్‌కి మార్చింది నేను. ఎక్కడా ఏదీ చెడిపోలేదు కాబట్టి నేనేమీ చేసినట్టు ఎవరికీ తెలియలేదు. అదే నెలలో ఓటింగ్ పేజీని కొత్తగా చేసిన కుర్రాడికి కేకు కోశారు. అతన్ని అందరూ 'చిచ్చరపిడుగు' అంటారు. బటన్ నొక్కితే అది రంగు మారి మెరుస్తుంది. మెరుపు బాగుంది. కానీ ఆ పేజీ, కోడ్ సరిపోయిందో లేదో తనలో తనే చూసుకుని 'సరిపోయింది' అని చెప్పేస్తోంది. వెనక ఉన్న సర్వర్ 'నిజంగానేనా?' అని అడగకుండా ఆ మాట నమ్మేస్తోంది. ఇది ప్రమాదం, వెనక కూడా సరిచూడాలని నేను ముందే మెయిల్ రాశాను. మీటింగులో కూడా లేచి చెప్పాను.

మేనేజర్ నవ్వారు. "మేడమ్, మీరు ఇంట్లో గ్యాస్ కట్టేశానా లేదా అని పదిసార్లు చూసుకునే టైపు కదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "ఓటింగ్ అయ్యాక చూద్దాంలెండి," అని ఆయన తేల్చేశారు.

టీ ఆయన ముందు పెట్టి, భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను. ఎవరు దేనికి వేశారో నేను చూడలేదు, చూడకూడదు కూడా. కోడ్ కొట్టకుండానే పూర్తయిన ఓట్లు ఏవో మాత్రం చూశాను. అవి గుట్టలుగా ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్‌వి, పక్క వీధివి, దాని వెనక వీధివి. ఒక్కో ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి నాలుగైదు ఓట్లు, నిమిషాల తేడాతో. పేర్లు చదువుతూ పోయాను. మూడో అంతస్తు డాక్టరమ్మ. కింద ఫ్లాట్‌లో కుట్టుపని చేసుకునే ఆవిడ. లిఫ్టులో ఎప్పుడూ తలొంచుకుని నిలబడే కొత్త కోడలు. అన్నీ ఆడపేర్లే. ఎవరి ఫోన్‌కి వాళ్ళ కోడ్ వెళ్ళింది, ఎవరూ వాడలేదు. వంట చేస్తూనో, గిన్నెలు తోముతూనో, పేషెంట్‌ని చూస్తూనో ఉండి ఉంటారు. నా ఫోన్ తీసి చూసుకున్నాను. నిన్న మధ్యాహ్నం వచ్చిన కోడ్ అలాగే ఉంది. పనిలో భాగంగా అలాంటివి రోజూ బోలెడు వస్తుంటాయి కాబట్టి పట్టించుకోలేదు.

"అమ్మాయ్, నాక్కూడా ఏవో అంకెలొచ్చాయి నిన్న."

అత్తయ్య. గోడ పట్టుకుని ఎప్పుడొచ్చి నిలబడిందో. కుర్చీ జరిపాను. కూర్చుని తన చిన్న ఫోన్ నా ముందు పెట్టింది.

"ఇవేంటని వాణ్ణడిగితే, తీసెయ్, పనికిరానివి అన్నాడు. ఓటువా?"

"అవునత్తయ్యా."

"నా ఓటు?"

"మీదే."

"దేనికి వేశాడు?"

"పార్కింగ్‌కి."

అత్తయ్య ఫోన్ తీసుకుని ఆ అంకెలు మళ్ళీ చూసుకుంది. పొద్దున పాప బడికి, మేమిద్దరం పనికి వెళ్ళిపోయాక సాయంత్రం దాకా ఈ ఇంట్లో ఆవిడ ఒక్కతే. టీవీ చూస్తుంది, నిద్రపోతుంది, మళ్ళీ టీవీ చూస్తుంది. సంరక్షణ కేంద్రం గురించి పేపర్లో పడ్డప్పుడు ఫొటో దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. అందుకని ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుంటుందేమో అనుకున్నాను. పెట్టుకోలేదు.

"అడిగుంటే నేనూ పార్కింగే అనేదాన్నేమో," అంది. "వాడు కారు కోసం పడే అవస్థ చూస్తూనే ఉన్నాగా. కానీ అడగలేదు కదే."

సోఫాలోంచి ఆయన, "ఏంటమ్మా, నీకు కూడా ఎక్కించేస్తోందా?" అన్నారు నవ్వుతూ. అత్తయ్య కొడుకు వైపు తిరగలేదు.

సోమవారం పొద్దున్నే మేనేజర్ గదిలోకి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. ఆయన ముఖంలో నవ్వు మాయమైంది, అంతవరకూ సంతోషమే. చిచ్చరపిడుగుని పిలిపించారు. వాళ్ళిద్దరూ కాసేపు గుసగుసలాడుకున్నాక నాకు పని చెప్పారు. సందు నిశ్శబ్దంగా మూసేయాలి. పడిన ఓట్లు అలాగే ఉంచాలి. రిపోర్టులో 'చిన్న సాంకేతిక సవరణ' అని రాయాలి.

"కారణం దగ్గర ఏం రాయాలి?" అన్నాను.

చిచ్చరపిడుగు గొంతు సవరించుకున్నాడు. "పాత పీహెచ్‌పీ కోడ్ వల్ల అని రాసేస్తే సరిపోతుంది మేడమ్. అందరూ నమ్ముతారు."

చూశారా? వాళ్ళ మెరిసే పేజీ అబద్ధం చెబితే, తప్పు దాన్ని నమ్మిన అమ్మమ్మది. అమ్మమ్మని చూసుకునే నాది. అరవాలనిపించింది. ఇన్నేళ్ళలో ఆ ఆఫీసులో నేను గొంతు పెంచిన రోజు లేదు. పెంచితే 'ఇంట్లో ఏదైనా ప్రాబ్లమా మేడమ్' అంటారని తెలుసు.

"నేను అలా రాయను. ఒప్పందం ప్రకారం లోపం కనబడితే ఆ రోజే నగరపాలక సంస్థ సైబర్ భద్రతా విభాగానికి చెప్పాలి. ఇది నిన్న కనబడింది."

మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలారు. "చెప్పండి. కానీ మీ వారు కూడా ఇలాగే వేశారని మీరే అంటున్నారు. ఆయన పేరు కూడా బయటికొస్తుంది. కాలేజీలో ఉద్యోగం, పరువు... ఒకసారి ఇంట్లో అడిగి చూడండి."

ఇంట్లో అడగాలట. నా ఓటు వేయడానికి నన్ను అడగక్కర్లేదు. అది పోయిందని చెప్పుకోవడానికి మాత్రం నేను ఇంట్లో అడగాలి.

నా సీటుకి వెళ్ళి ముందు ఆ సందు మూశాను. రెండు వరుసల పని. ఎప్పుడో చేయనిచ్చి ఉంటే ఇంత జరిగేది కాదు. తర్వాత భద్రతా విభాగానికి జరిగింది జరిగినట్టు రాసి, నా పేరు కింద పెట్టి పంపించాను. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. ఫలితం ప్రకటన ఆపుతున్నామని, బుధవారం కౌన్సిల్ హాల్లో బహిరంగ విచారణ అని, ఎవరైనా రావచ్చని.

ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి ఆయనే టీ పెట్టి ఉంచారు. మా పెళ్ళయ్యాక ఇది ఎన్నోసారో గుర్తుచేసుకోబోయి మానేశాను. కార్యదర్శి ఫోన్ చేశాడట. మేనేజర్ కూడా చేశారట. నా గురించి మాట్లాడటానికి అందరికీ ఆయన నంబరు దొరుకుతుంది.

"చూడు, తప్పే అనుకో. నీకు టైమ్ ఉండదని, నీ మంచికే చేశాను."

"నాకు టైమ్ ఎందుకు ఉండదండీ?"

ఆయనకి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. అందరూ అనుకుంటారు, ఇలాంటి మగాడు కొడతాడని, తిడతాడని. ఆయన ఎన్నడూ నా మీద చెయ్యెత్తలేదు, గట్టిగా అరవలేదు. నెమ్మదైన మనిషని అందరూ అంటారు. నా బతుకంతా ఆ నెమ్మదైన మనిషి నా బదులు సరేనంటూ వచ్చారు. బ్యాంకులో, బడిలో, పెళ్ళిపిలుపులకి, చివరికి హోటల్లో నేనేం తింటానో అడిగినవాడికి కూడా.

"హాల్లో ఎంతమంది ఉంటారో తెలుసా? నా స్టూడెంట్లు ఉంటారు. ఇంటి గుట్టు వీధిలో పెడతావా?"

"ఓటు ఇంటి గుట్టు ఎప్పుడైంది?" అన్నాను. టీ తాగలేదు.

బుధవారం హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో సంఘం మగవాళ్ళు, కార్యదర్శి, వాళ్ళ మధ్య ఆయన. గోడ పక్కగా, ద్వారం దగ్గర ఆడవాళ్ళు. డాక్టరమ్మ ఉంది, కుట్టుపని ఆవిడ ఉంది. అత్తయ్య చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని చివరి కుర్చీలో కూర్చుంది. వేదిక మీద విచారణ చేసే అధికారిణి, నెరిసిన జుట్టు, విసుగు దాచుకోని ముఖం. నా రిపోర్టు చదివి మా మేనేజర్ని ఏమంటారని అడిగింది.

మేనేజర్ నిలబడి చాలా మర్యాదగా మాట్లాడారు. "మేడమ్, కోడ్ లేకుండా ఓటు పడిన మాట నిజమే. కానీ అది దొంగ ఓటు అనలేం. ఇళ్ళల్లో భర్తకి చెప్పి వేయించుకుని ఉండొచ్చు. మన దగ్గర ఒక్క స్త్రీ కూడా ఫిర్యాదు చేయలేదు. చెప్పకుండా వేశారని మనమెలా అనుకుంటాం?"

ముందు వరుసల్లో తలలు ఊగాయి. అధికారిణి కళ్ళజోడు తీసింది. "పాయింటే. యంత్రం ఫిర్యాదు చేస్తే చాలదు. మనిషి చెయ్యాలి. నన్నడక్కుండా నా ఓటు ఫలానా మనిషి వేశాడని ఎవరైనా చెబితేనే నేను రద్దు చెయ్యగలను. ఇంజనీరుగా మీరు చెప్పింది విన్నాను. ఓటరుగా చెప్పేవాళ్ళు ఉన్నారా?"

ఎవరూ కదలలేదు. ద్వారం దగ్గర ఆడవాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. వాళ్ళు సాయంత్రం ఏ ఇళ్ళకి వెళ్ళాలో నాకు తెలుసు. నా కోపమంతా ఆ ముందు వరుసల నిబ్బరం మీద. ఎవరూ లేవరని వాళ్ళకి ఎంత నమ్మకం! కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. మా సోఫాలో కూర్చున్నట్టే.

నేను లేచి మైకు దగ్గరకి నడిచాను.

"నా ఓటు నన్నడక్కుండా వేశారు," అన్నాను.

"ఎవరు వేశారో తెలుసా?"

"తెలుసు."

ఆయన నా వైపు చూశారు. తల చాలా చిన్నగా అడ్డంగా ఊపారు. చుట్టాల మధ్య నేనేదైనా అనబోతే ఊపే ఊపే అది. ఇన్నేళ్ళూ ఆ ఊపుతో నా మాట నోట్లోనే ఆగిపోయేది.

"మా ఆయన," అన్నాను. "ఆదివారం నాకు చెప్పాడు. నా పేరుతో వేశాడు. వాళ్ళమ్మ పేరుతో కూడా వేశాడు. ఎలా వేశాడో చేసి చూపించాడు."

మైకులోంచి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. హాల్లో ఎవరో దగ్గారు. అప్పుడు చేతికర్ర నేలకి తగిలిన చప్పుడైంది. అత్తయ్య లేవడానికి చాలా సమయం పట్టింది. ఎవరో సాయం పట్టబోతే వద్దంది. "నన్ను కూడా అడగలేదమ్మా," అంది, మైకు లేకుండానే. ఆ తర్వాత డాక్టరమ్మ నిలబడింది. ఆవిడ వెనక మరొకరు. అందరూ లేవలేదు. కొత్త కోడలు లేవలేదు, ముందు వరుసలో భర్త పక్కనే తలొంచుకుని కూర్చుంది. కానీ లేచినవాళ్ళు సరిపోయారు.

ఓటింగ్ రద్దయింది. ఈసారి బడుల్లో గుర్తింపు కార్డు చూపించి, ఎవరి ఓటు వాళ్ళే తెర చాటున వేయాలన్నారు. వెబ్‌సైట్‌ని బయటి నిపుణులు పరీక్షించేదాకా వాడకూడదన్నారు. కంపెనీ నన్ను ఆ పనిలోంచి తప్పించి ఇంకో మూల కూర్చోబెట్టింది. ఇప్పుడు అమ్మమ్మని చిచ్చరపిడుగు చూసుకుంటున్నాడు. రోజుకోసారి వచ్చి ఏదో ఒకటి అడుగుతుంటాడు. నన్ను రాతపూర్వకంగా అడగమని చెబుతుంటాను. మేనేజర్ ఇప్పుడు నన్ను చూస్తే జోకులు వేయరు. అది నాకు హాయిగా ఉంది.

ఇంట్లో చాలా రోజులు మాటల్లేవు. నేను వండింది తింటూ, ఉతికింది కట్టుకుంటూ ఆయన అలిగారు. రెండో ఓటింగ్ రోజు పొద్దున అత్తయ్య అందరికంటే ముందు తయారై, లిఫ్టు దగ్గరికి వెళ్ళి నిలబడింది. నేను చెప్పులు వేసుకుంటున్నాను. అప్పుడు మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నోరు విప్పడానికి తంటాలు పడుతున్నాడని తెలుస్తూనే ఉంది. క్షమించమంటాడేమోనని, నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం చూశాను.

"చెప్పావు, సరే. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. కానీ అంతమంది ముందు 'వేశాడు' అంటావా? వేశాడు! నా స్టూడెంట్ల ముందు! ఏనాడైనా అలా మాట్లాడావా నువ్వు?"

ఇన్ని రోజులూ అతన్ని లోపల తొలిచింది ఇదన్నమాట. నా ఓటు కాదు, వాళ్ళమ్మ ఓటు కాదు. నా ఉద్యోగం అయితే అసలు గుర్తుకే వచ్చి ఉండదు. జవాబు కోసం గుమ్మానికి అడ్డంగా చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"జరుగు," అన్నాను. "ఓటు వేసి రావాలి."